పొయ్యి మంట ఏం చెబుతోంది?

శ్రోతలకు నమస్కారం. పూటపూటా వెలిగించే గ్యాస్ పొయ్యిని అది మొరాయించిన రోజున తప్ప మనం పరీక్షగా చూడం. గిన్నెల అడుగున మసి పడితే గ్యాస్ నాణ్యతను శంకిస్తాం, వంట ఆలస్యమైతే బండలో తూకం తగ్గిందేమోనని అనుమానిస్తాం. ఇళ్లలో వినిపించే ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం గ్యాస్‌లో కాక, దానితో కలవవలసిన గాలిలో ఉంటుంది. ఆ సంగతి మంటను చూసి పోల్చుకోవచ్చు.

సిలిండర్‌లో ద్రవరూపంలో ఉండేది ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. లోపల ఎంత ఒత్తిడి ఉన్నా, రెగ్యులేటర్ దానిని చదరపు సెంటీమీటరుకు దాదాపు 30 గ్రాములకు తగ్గించి పొయ్యికి పంపుతుంది. నాబ్ తిప్పగానే గ్యాస్, జెట్ అనే చిన్న ఇత్తడి ముక్కలోని సన్నని రంధ్రం గుండా వేగంగా దూకుతూ, చుట్టూ ఉన్న గాలిని కూడా బర్నర్ గొట్టంలోకి లాక్కుపోతుంది. ఒక వంతు గ్యాస్ పూర్తిగా మండడానికి సుమారు 25 నుంచి 30 వంతుల గాలి కావాలి. అందులో కొంత ఈ గొట్టంలోనే కలుస్తుంది, మిగిలినది మంట చుట్టూ ఉన్న గాలి నుంచి అందుతుంది. గొట్టంలో కలిసే గాలికి అడ్డం తగిలిందంటే మంట తీరు మారిపోతుంది.

సక్రమంగా మండే పొయ్యిలో మంట నీలంగా, ప్రతి రంధ్రం మీదా చిన్న మొనదేలి, చప్పుడు లేకుండా నిలబడుతుంది. మొనలు పసుపుపచ్చగా సాగి, ఊగుతూ గిన్నెను నాకుతున్నాయంటే లోపల గాలి చాలడం లేదని అర్థం. కాలకుండా మిగిలిన కర్బనమే గిన్నెకు మసిగా అంటుకుంటుంది. అయితే పసుపు వేరు, నారింజరంగు చుక్కలు వేరు. పప్పో చారో పొంగి బర్నర్ మీద పడ్డ తరువాత నీలిమంటలో నారింజ మెరుపులు కనిపిస్తే అది ఉప్పులోని సోడియం పని. వంటింట్లో ఊడుస్తున్నప్పుడు లేచే దుమ్ము కూడా అలాగే మెరుస్తుంది. దానికి మెకానిక్‌ను పిలవనక్కరలేదు, బర్నర్‌ను తుడిస్తే చాలు.

మంట వలయంలో ఒక పక్క వెలిగి మరో పక్క వెలగకపోతే గంజో పాలో రంధ్రాలలో ఎండి బిగుసుకున్నాయని తెలుసుకోవాలి. మంట బర్నర్‌ను వదిలి పైకి లేచి బుస కొడుతుంటే గాలి ఎక్కువైందనో, బర్నర్ మూత సరిగా కూర్చోలేదనో భావించాలి. టప్‌మని శబ్దం చేసి మంట గొట్టంలోకి వెళ్లి జెట్ దగ్గర మండుతుంటే వెంటనే నాబ్ కట్టేసి, బర్నర్ పూర్తిగా చల్లారేదాకా మళ్లీ వెలిగించకూడదు. రంధ్రాలు అరిగి పెద్దవైన పాత బర్నర్లలో ఇది తరచుగా జరుగుతుంది. అటువంటి బర్నర్‌ను ఎంత తోమినా ఉపయోగం లేదు, మార్చవలసిందే.

శుభ్రం చేయడంలో ఉన్న మెలకువలు కొద్దిగా వివరంగా చెప్పుకుందాం. రెగ్యులేటర్ కట్టేసి, పొయ్యి చల్లారాక బర్నర్లను పైకి తీయాలి. ఇత్తడి బర్నర్‌ను చింతపండు పిసికిన వేడినీళ్లలో కాసేపు నానబెట్టి పాత పళ్లబ్రష్షుతో రుద్దితే జిడ్డూ నలుపూ వదులుతాయి. అల్యూమినియం బర్నర్‌కు మాత్రం పులుపూ వద్దు, సోడా అసలే వద్దు. అది నల్లబడి తినేసుకుపోతుంది, మామూలు సబ్బునీళ్లు చాలు. తరువాత వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూస్తే ఏ రంధ్రం మూసుకుందో తెలుస్తుంది. దానిని పిన్నీసుతోనో సూదితోనో తెరవాలి గాని, చీపురుపుల్లతో పొడవకూడదు. పుల్ల లోపలే విరిగిందంటే ఆ రంధ్రం శాశ్వతంగా మూసుకుపోతుంది. చాలామంది మరచిపోయేది గొట్టం లోపలి భాగం. కొంతకాలం వాడని బర్నర్‌లో సాలెపురుగు గూడు కడుతుంది, బొద్దింక పిల్లలు దూరతాయి. పైన రంధ్రాలన్నీ అద్దంలా ఉన్నా మంట పసుపుపచ్చగానే ఉందంటే మొదట అనుమానించవలసింది దీనినే. సీసాలు కడిగే సన్నని బ్రష్షుతో లోపలంతా తోమి, తలకిందులుగా తట్టి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. తడి మిగిలితే మంట చిటపటలాడుతుంది. తిరిగి అమర్చేటప్పుడు పెద్ద బర్నర్, చిన్న బర్నర్ తారుమారు కాకుండా చూడాలి.

బర్నర్ కోసం వాడిన సూదిని జెట్ దగ్గరకు తీసుకుపోకండి. జెట్ రంధ్రం కొలత ప్రకారం వేసినది. సూది గుచ్చితే అది వెడల్పై, గ్యాస్ ఎక్కువగా వచ్చి, మంట మరెన్నడూ నీలంగా మండదు. ఈ కొలత ఎంత కీలకమైనదో పైపుల ద్వారా సహజవాయువు అందుతున్న హైదరాబాదు, విజయవాడ, కాకినాడ ఇళ్లలో వారికి అనుభవమే. సమాన ఘనపరిమాణంలో సహజవాయువు ఉష్ణశక్తి తక్కువ కనుక దానికి పెద్ద రంధ్రం ఉన్న జెట్లు బిగిస్తారు. ఇల్లు మారి ఆ పొయ్యినే సిలిండర్‌కు తగిలిస్తే గ్యాస్ అవసరానికి మించి దూకి, ఎత్తైన పసుపుపచ్చని మంట లేస్తుంది, ఇది ప్రమాదకరం. జెట్లు మార్పించిన తరువాతే వెలిగించాలి.

దానంతటదే వెలిగే పొయ్యి వెలగకపోతే ముందు బ్యాటరీ మార్చి, బర్నర్ పక్కనున్న తెల్లటి పింగాణీ పుల్ల మీది జిడ్డు తుడవండి. గాజు పలక ఉన్న పొయ్యి మీద వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్లు పోయకండి; బర్నర్‌ను పూర్తిగా కప్పేసే పెద్ద దోశపెనాన్ని గంటల తరబడి ఉంచితే ఆ వేడి కిందికి మళ్లి గాజు ఒక్కసారిగా ముక్కలవుతుంది.

నాబ్ బిగుసుకుపోవడం మనం చేయి పెట్టవలసిన మరమ్మతు కాదు. లోపలి వాల్వులో జిడ్డు ఎండిపోతే దానిని విప్పి, వేడికి కరగని గ్రీజు పూసి బిగించాలి. నూనె చుక్కలు వేసి సరిపెట్టే అలవాటు కొందరికి ఉంది. అలా చేస్తే నాబ్ తేలికగా తిరుగుతుంది కాని, గ్యాస్ కూడా తేలికగా బయటకు వస్తుంది.

ఇక ట్యూబు సంగతి. లోపల ఉక్కు తీగల అల్లికతో వచ్చే నారింజరంగు సురక్షా ట్యూబుకు ఆయుష్షు 5 సంవత్సరాలు. ఆ సంగతి దాని మీదనే ముద్రించి ఉంటుంది. ఎలుకలు కొరకకుండా దానిపై గుడ్డ చుట్టకండి, చుడితే పగులు కనబడదు. సిలిండర్ మెడ దగ్గర ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే జూన్ వరకు, సి అంటే సెప్టెంబరు వరకు, డి అంటే డిసెంబరు వరకు, అంకెలు సంవత్సరం. బి 28 అని ఉంటే 2028 జూన్ లోగా ఆ బండను మళ్లీ పరీక్షించాలని అర్థం. ఆ గడువు దాటినదానిని తీసుకోనక్కరలేదు. గ్యాస్ అయిపోవస్తున్నప్పుడు బండను పడుకోబెట్టడం, తలకిందులు చేయడం, వేడినీళ్లలో నిలబెట్టడం చాలాచోట్ల చూస్తుంటాం. పడుకోబెట్టినప్పుడు ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది. నాలుగు పూటల వంట కోసం చేయదగిన సాహసం కాదది.

గ్యాస్‌కు సహజంగా వాసన లేదు. లీకు తెలియడానికే మెర్‌కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువైనది కనుక నేలబారుగా పరచుకుంటుంది. గాలిలో సుమారు 2 శాతం చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. వాసన రాగానే నాబ్‌లూ రెగ్యులేటరూ కట్టేసి, తలుపులు కిటికీలు తెరవాలి. లైటు వేయకూడదు, వెలుగుతున్న లైటును ఆర్పకూడదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ జోలికి పోకూడదు. రెగ్యులేటర్ తీసి, నైలాన్ దారంతో సిలిండర్‌కు వేలాడే మూతను బిగించి, ఇంటి బయటకు వచ్చి 1906 నంబరుకు ఫోన్ చేయాలి. అగ్గిపుల్లతో లీకు వెదికేవారు ఇప్పటికీ ఉన్నారు. సబ్బునీళ్లు పూస్తే బుడగ లేచినచోటే లీకు తెలిసిపోతుంది.

మెకానిక్ వచ్చి వాల్వు విప్పినా, ట్యూబు మార్చినా, పని ముగించే ముందు ప్రతి అతుకు మీదా సబ్బునురగ పెట్టి చూపించమని అడగండి. ఆ తరువాత రెండు బర్నర్లనూ వెలిగించి, మంట సన్నం చేసినప్పుడు ఆరిపోకుండా నీలంగా నిలుస్తోందో లేదో అతని ఎదుటే చూసుకోండి, అప్పుడు డబ్బు ఇవ్వండి. నమస్కారం.