ఎక్కినంత మాత్రాన కుదిరినట్టు కాదు

అందరికీ నమస్కారం. స్పోర్ట్స్ కారుకు బయట కొన్న అల్లాయ్ చక్రాలు బిగించేటప్పుడు జరిగే పొరపాట్ల గురించి మాట్లాడమన్నారు. పొరపాట్లకు కొదవ లేదు, అన్నీ చెబితే తెల్లవారుతుంది. నాకు ఆసక్తి కలిగించేది మొదటి పొరపాటు కన్నా, దాన్ని కప్పిపుచ్చడానికి చేసే రెండోది. మొదటిది చక్రం వాపసు ఇచ్చేస్తే తీరిపోతుంది. రెండోది బేరింగునో, టైరునో, ఫెండరునో (చక్రం పైని మడ్‌గార్డునో) తినేస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

చక్రం వెనుక వైపు, ఆకుల మీద కొన్ని అంకెలు పోతపోసి ఉంటాయి. ఉదాహరణకు 8.5జె×18, 5×112, ఈటీ50. అంటే రిమ్ము వెడల్పు ఎనిమిదిన్నర అంగుళాలు, వ్యాసం 18 అంగుళాలు, 112 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న వృత్తం మీద ఐదు బోల్టులు, ఆఫ్‌సెట్ 50 మిల్లీమీటర్లు. ఆఫ్‌సెట్ అంటే చక్రం కారుకు ఆనే ముఖం, రిమ్ము వెడల్పు నడిమి గీత నుంచి ఎంత బయటి వైపు ఉందో ఆ దూరం. కొనేవాళ్లు ముందు వైపు ఫోటో చూసి కొంటారు. అసలు సంగతంతా వెనుక ఉంటుంది.

ముందుగా ఆ ఐదు బోల్టుల వృత్తం, మన వాడుకలో పీసీడీ. ఆడీ, మెర్సిడెస్ కార్లలో ఎక్కువగా కనిపించేది 112. ఫోర్డ్ మస్టాంగ్‌ది 114.3. పక్కపక్కనున్న రెండు రంధ్రాల మధ్య దూరం కొలిస్తే మొదటిదానిలో 65.8, రెండోదానిలో 67.2 మిల్లీమీటర్లు వస్తుంది. తేడా మిల్లీమీటరున్నర కూడా లేదు. దర్జీ టేపుతో కొలిచే దుకాణంలో ఈ తేడా ఎవరికీ దొరకదు. పైగా రంధ్రాల్లో ఉండే కాస్త సందు వల్ల తప్పు చక్రం చాలాసార్లు ఎక్కి కూర్చుంటుంది. బోల్టు ఓ పక్కకు ఒరిగి, సీటు మీద, అంటే చక్రంలో బోల్టు తల ఆనే చోట, ఒక అంచునే ఆనుకుని బిగుసుకుంటుంది. చేతికి మాత్రం అంతా గట్టిగానే ఉన్నట్టు తెలుస్తుంది. కొన్నాళ్లకు వదులవుతుంది. అప్పుడు రెండో పొరపాటు మొదలు: పానాకు ఇనుప పైపు తొడిగి, బలం కొద్దీ ఇంకా బిగించడం. ఒరిగి ఉన్న బోల్టును అంత లాగితే అది సాగుతుంది, ఆ తరువాత తెగుతుంది.

బోల్టు తల కింది ఆకారం కూడా చూడాలి. ఆడీ, పోర్షే కార్ల బోల్టులకు తల కింద బంతిలాంటి వంపు ఉంటుంది. బయట దొరికే చక్రాల్లో చాలావాటికి శంఖువు ఆకారపు సీటు ఉంటుంది. బంతి బోల్టును శంఖువు సీటులో బిగిస్తే తాకేది ఒక సన్నని గీత మాత్రమే. చక్రంతో పాటు దానికి తగిన బోల్టులు కొనడానికి అయ్యే ఖర్చు, చక్రాల ఖర్చు పక్కన లెక్కలోకే రాదు. అయినా ఎక్కువమంది మిగుల్చుకునేది అక్కడే.

ఇప్పుడు మధ్య రంధ్రం. నేను ఎక్కువసేపు నిలబడాలనుకున్న చోటు ఇదే. కారు వైపు చక్రాన్ని బిగించే భాగం హబ్బు. ఆడీ టీటీ హబ్బు మధ్య గుబ్బ వ్యాసం 57.1 మిల్లీమీటర్లు. మెర్సిడెస్ చక్రం మధ్య రంధ్రం 66.6. రెండిటి పీసీడీ ఒకటే కాబట్టి ఆ చక్రం దీనికి ఎక్కుతుంది, చుట్టూ దాదాపు ఐదు మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని నింపే రింగు వేయకపోతే చక్రం కేంద్రం ఎక్కడ ఉండాలో హబ్బు చెప్పదు, బోల్టులు బిగించిన వరస చెబుతుంది. ఊళ్లో తిరిగినంతసేపూ ఏమీ తెలియదు. మన హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి వందకు చేరేసరికి స్టీరింగు వణకడం మొదలవుతుంది.

యజమాని వెంటనే బ్యాలెన్సింగుకు పరుగెడతాడు. అక్కడ జరిగేది జాగ్రత్తగా చూడండి. బ్యాలెన్సింగ్ యంత్రం చక్రాన్ని దాని మధ్య రంధ్రంలోకి శంఖువు దూర్చి పట్టుకుంటుంది. కాబట్టి యంత్రం మీద చక్రం సరిగ్గా కేంద్రంలోనే తిరుగుతుంది, తెర మీద సున్నా చూపిస్తుంది. కారుకు బిగించగానే మళ్లీ వణుకు. ఇంకో దుకాణం, ఇంకో సున్నా. ఆ తరువాత అలైన్‌మెంట్, ఆ తరువాత కొత్త టైర్లు. యంత్రం అబద్ధం చెప్పలేదు, మనం దాన్ని అడగవలసిన ప్రశ్న అడగలేదు. వణుకుకు మందు సరైన కొలత ఉన్న చిన్న రింగు. నా మట్టుకు నేను అల్యూమినియం రింగునే వాడమంటాను, బ్రేకుల వేడికి నాసిరకం ప్లాస్టిక్ రింగులు కరిగి వంకరపోతాయి.

ఆఫ్‌సెట్ లెక్క ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు. పాతది 8.5జె, ఈటీ50. కొత్తది 9.5జె, ఈటీ35 అనుకుందాం. వెడల్పు ఒక అంగుళం పెరిగింది, అంటే ఒక్కో వైపు 12.7 మిల్లీమీటర్లు. ఆఫ్‌సెట్ 15 తగ్గింది కాబట్టి చక్రం మొత్తం 15 మిల్లీమీటర్లు బయటికి జరిగింది. లోపలి అంచు 2.3 మిల్లీమీటర్లు సస్పెన్షన్‌కు దూరమైంది, బయటి అంచు 27.7 మిల్లీమీటర్లు బయటికి వచ్చింది. దుకాణంలో జాకు మీద లేపి, గుండ్రంగా తిప్పి చూపిస్తారు, ఎక్కడా తగలదు. వెనుక సీట్లో ఇద్దరు కూర్చుని, స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు ఫెండరు టైరును గీకుతుంది. దానికి విరుగుడుగా ఫెండరు అంచును సుత్తితో మడుస్తారు, రంగు పగులుతుంది, మన వానలకు తుప్పు పడుతుంది. చక్రం అంత బయటికి జరిగితే స్టీరింగుకు రోడ్డు తాకిడి ఎక్కువ తెలుస్తుంది, బేరింగు మీద భారమూ పెరుగుతుంది.

చిన్న పక్కదారి. 1924లో బుగాటీ టైప్ 35 పందెపు కారు అల్యూమినియం చక్రాలతో వచ్చింది. 1966లో పోర్షే 911ఎస్ కోసం ఫుక్స్ కంపెనీ సాగగొట్టిన అల్యూమినియం చక్రాలు చేసింది. ఆ కారు చక్రాలకు బరువు తగ్గడమే లక్ష్యం. మనమేమో 18 అంగుళాలవి తీసి, వాటికన్నా బరువైన 20 అంగుళాల పోత చక్రాలు తగిలించి, కారు చురుకు తగ్గిందని ఇంజను మీద నింద వేస్తున్నాం. 2023 ఫిబ్రవరి 11న నెక్లెస్ రోడ్డు పరిసరాల్లో పరుగెత్తిన ‘ఫార్ములా-ఈ’ విద్యుత్ పందెపు కార్లకు ఉన్నవి 18 అంగుళాల చక్రాలే.

20 అంగుళాలకు వెళ్తే ఇంకో సంగతి. 245/40 ఆర్18 టైరు అంటే వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 40 శాతం, అంటే 98 మిల్లీమీటర్లు. అంతే చుట్టుకొలత కోసం 245/30 ఆర్20 వేస్తే అది 73.5కు దిగుతుంది. నీళ్లు నిండిన గుంత ఎంత లోతో జూలైలో ఎవరికీ కనబడదు. గుంతకూ రిమ్ముకూ మధ్య అడ్డు ఆ గోడే. కాబట్టి ఈ ఊళ్లో రోజూ తిరిగే కారుకు 30 సిరీస్ టైరు వద్దని మొహం మీదే చెబుతాను, కొందరికి కోపం వస్తుంది. టైరు మీది భార సూచికనూ చూడండి, ఒక్కో టైరు మోయగల బరువు అది చెబుతుంది. 94 అంటే 670 కిలోలు, 88 అంటే 560 కిలోలు.

చట్టం మాట కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనంలో మార్పులకు హద్దులు పెట్టింది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా గుర్తు చేసింది. కొనేముందే మీ బీమా కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

ఇక పని చేయించే తీరు. టైరు ఎక్కించకముందే ఉత్త చక్రాన్ని కారుకు బిగించి చూడమనండి, ఒకసారి టైరు ఎక్కిన చక్రాన్ని ఏ దుకాణమూ వాపసు తీసుకోదు. బ్రేకు కాలిపర్ (బ్రేకు డిస్కును పట్టి నొక్కే భాగం) మీద పిల్లలు ఆడుకునే మైనపు మట్టి ముద్ద అంటించి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. మట్టి ఎంత మందాన మిగిలితే ఆకుకూ కాలిపర్‌కూ మధ్య ఖాళీ అంత. హబ్బు మీది తుప్పును తీగ బ్రష్షుతో తోమండి. బోల్టులను ముందు చేత్తో తిప్పండి, ఎన్ని చుట్లు దిగుతోందో లెక్కపెట్టండి. 14 మిల్లీమీటర్ల బోల్టు చుట్టుకు 1.5 మిల్లీమీటర్లు దిగితే, తొమ్మిది చుట్లకు పైగా దిగాలన్నది నేను పాటించే లెక్క. ఎయిర్ గన్‌ను పక్కన పెట్టించి, నక్షత్రం వరసలో, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో, కారు పుస్తకంలో ఉన్న అంకెకు బిగించండి. వంద కిలోమీటర్లలోపు మళ్లీ సరిచూడండి.

ఈ బల్ల మీద రెండు చక్రాలు, వెర్నియర్ కాలిపర్స్ పెట్టాను. ఒకటి 112ది, ఒకటి 114.3ది. అంకెల మీద టేపు అంటించాను. ప్రశ్నలు మొదలయ్యేలోపు ముందు వరసలో ఉన్నవాళ్లు వచ్చి ఏది ఏదో కొలిచి చెప్పండి.