ప్రోటీన్ స్ఫటికం ఇచ్చిన చుక్కలను ఎంతవరకు నమ్మాలి?

నమస్కారం. స్క్రీన్ మీద కనిపిస్తున్న ఈ చుక్కలు కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే లైసోజైమ్ అనే ప్రోటీన్ స్ఫటికం గుండా ఎలక్ట్రాన్ల పుంజాన్ని పంపితే వచ్చినవి. ఒక్కో చుక్క ఎంత వెలుగుతోందో కొలిచి, ఈ ప్రోటీన్ ఆకారాన్ని కడతాం. కొలత తప్పితే కట్టిందీ తప్పుతుంది.

ఒకే చుక్క కొలతల మధ్య తేడాను చెప్పే ఆర్-మెర్జ్ తక్కువగా వచ్చిందని మురిసిపోకండి. కొలతలన్నీ ఒకదానితో ఒకటి కలిసినా, అన్నీ ఒకే వైపు తప్పి ఉండొచ్చు.

ఎక్స్-రేల కన్నా ఎలక్ట్రాన్లు పదార్థంలో ఎన్నో రెట్లు ఎక్కువగా చెదురుతాయి. అందుకే అర మైక్రాన్ మందం లేని స్ఫటికమైనా చాలు. చిక్కూ అక్కడే. ఒకసారి చెదిరిన ఎలక్ట్రాన్ బయటపడేలోపే మళ్లీ చెదిరి వేరే చుక్కలో పడుతుంది. నష్టపోయేది బలమైన చుక్క, ఉబ్బిపోయేది బలహీనమైనది.

దీన్ని పట్టుకునే మార్గం స్ఫటికంలోనే ఉంది. ఒక్కో చుక్కకూ హెచ్, కె, ఎల్ అనే మూడు అంకెల చిరునామా ఉంటుంది. టెట్రాగోనల్ రకం లైసోజైమ్ స్ఫటికంలో స్క్రూ అక్షాల (తిప్పుతూ ముందుకు జరిపే సౌష్ఠవం) వల్ల హెచ్-0-0 వరసలో హెచ్ బేసి అయిన చుక్కలు, 0-0-ఎల్ వరసలో ఎల్‌ను 4తో భాగించలేనివి అసలు కనబడకూడదు. బ్యాక్‌గ్రౌండ్ తీసేశాక కూడా అక్కడ వెలుగు మిగిలిందా? అది రెండోసారి చెదిరిన ఎలక్ట్రాన్ల పనే. 2013లో మైక్రో ఈడీని (చిన్న స్ఫటికాల మీద ఎలక్ట్రాన్లతో చేసే ఈ పద్ధతిని) పరిచయం చేసిన తమీర్ గోనెన్ బృందమూ లైసోజైమ్ మీద ఈ పరీక్షే చేసింది. ఆ వెలుగు ఎక్కువగా ఉంటే స్ఫటికం మందమన్నమాట. గాలియం అయాన్ బీమ్‌తో 200–300 నానోమీటర్లకు చెక్కండి.

ఇక డోస్, అంటే స్ఫటికం మీద పడే ఎలక్ట్రాన్ల మోతాదు. చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు సెకనుకు 0.01 ఎలక్ట్రాన్ ఇస్తూ, సెకనుకు 0.2 డిగ్రీల చొప్పున స్ఫటికాన్ని 60 డిగ్రీలు తిప్పితే 300 సెకన్లు. మొత్తం చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు 3 ఎలక్ట్రాన్లు. వినడానికి చిన్న అంకే కానీ, ఆ పాటికే ప్రోటీన్‌లోని డైసల్ఫైడ్ (రెండు గంధకం అణువుల మధ్య ఉండే) బంధాలు తెగుతుంటాయి. స్ఫటికాన్ని వెతికేటప్పుడు పడిన డోస్‌నూ లెక్కలో కలపండి, చాలామంది మరిచేది అదే. మధ్య నుంచి దూరంగా ఉన్న చుక్కలు మసకబారాక తీసిన ఫ్రేములు వదిలేయండి.

కెమెరా లెంగ్త్ (స్ఫటికం నుంచి డిటెక్టర్‌కు లెక్కకు తీసుకునే దూరం) 2 శాతం తప్పితే, స్ఫటికంలో పదేపదే వచ్చే గడి 79 ఆంగ్‌స్ట్రామ్‌ల అంచు 80.6గా కనబడుతుంది. అంచుల నిష్పత్తి మారదు కాబట్టి ఇండెక్సింగ్ (చుక్కలకు చిరునామాలు ఇవ్వడం) సాఫీగా సాగిపోతుంది, తప్పు బయటపడదు. అదే సెట్టింగులో, కొలత ముందే తెలిసిన బంగారం ఇచ్చే 2.355 ఆంగ్‌స్ట్రామ్‌ల వలయంతో సరిచూడాలి.

స్ఫటికాన్ని పట్టుకుని తిప్పే స్టేజీ 60–70 డిగ్రీలు దాటి వంగదు, కాబట్టి కొన్ని కోణాల చుక్కలు అందవు. పలక లాంటి స్ఫటికాలన్నీ గ్రిడ్ (కార్బన్ పొర పరిచిన చిన్న జల్లెడ) మీద ఒకే తీరున పడుకుంటే, పదింటి డేటా కలిపినా అదే ఖాళీ మిగులుతుంది. కార్బన్ పొర ముడతపడిన చోట వేరే కోణంలో ఆనుకున్న స్ఫటికాన్ని వెతకండి.