పెళ్ళి ముహూర్తం, నెలసరి తేదీ: హార్మోన్ మాత్రలు లోపల ఏం చేస్తాయి?

వ్యాఖ్యాత: నమస్కారం. పెళ్ళిళ్ళ సీజన్ మొదలైందంటే మెడికల్ షాపుల్లో ఒక మాత్రకి గిరాకీ పెరుగుతుంది. అదే నెలసరి వాయిదా వేసే మాత్ర. దాని గురించి, గర్భం రాకుండా వాడే మాత్రల గురించి ఈరోజు మాట్లాడుకుందాం. మనతో ఒక గైనకాలజిస్టు, మెడికల్ షాపు నడిపే ఫార్మసిస్టు, సబ్‌సెంటర్‌లో పనిచేసే ఏఎన్ఎం ఉన్నారు. ముందు షాపు సంగతి చెప్పండి. వచ్చినవాళ్ళు ఏమని అడుగుతారు?

ఫార్మసిస్టు: మందు పేరు చెప్పి అడిగేవాళ్ళు తక్కువండీ. చిన్న కాగితం ముక్క మీద ‘డేట్ పోస్ట్‌పోన్ టాబ్లెట్, ఒక షీట్’ అని రాసి తమ్ముడినో భర్తనో పంపుతారు. ఆమెకి ఏ జబ్బులున్నాయో, తేదీ ఎప్పుడో వచ్చినవాడికి తెలియదు. మొన్నొకావిడ తనే వచ్చింది. రేపు ఆడపడుచు కూతురి పెళ్ళి, ఈ పొద్దున్నే నెలసరి మొదలైంది, ఆపే మాత్ర ఇవ్వమంది. కళ్ళల్లో నీళ్ళు. ఇప్పుడు వేసుకున్నా లాభం లేదమ్మా అని నచ్చజెప్పడానికి పది నిమిషాలు పట్టింది.

వ్యాఖ్యాత: ఎందుకు లాభం లేదు డాక్టరుగారూ?

గైనకాలజిస్టు: పెళ్ళి పందిరినే తీసుకోండి. నెలనెలా గర్భాశయం లోపల ఒక మెత్తటి పొర పెరుగుతుంది. దాన్ని పెంచేది ఈస్ట్రోజన్. అండం విడుదలయ్యాక ఆ పొరని నిలబెట్టేది ప్రొజెస్టిరాన్, పందిరికి గుంజల్లాగా. గర్భం రాకపోతే దాదాపు రెండు వారాలకి అండాశయం ప్రొజెస్టిరాన్ తయారీ ఆపేస్తుంది. గుంజలు పీకేసినట్టే. పొర ఊడి రక్తంతో పాటు బయటికి వస్తుంది, అదే నెలసరి. నోరెథిస్టిరాన్ అనే ఈ మందు ప్రొజెస్టిరాన్‌లా పనిచేస్తుంది. పాత గుంజలు పీకేలోపే కొత్తవి పాతుతుంది. అందుకే తేదీకి మూడు రోజుల ముందే మొదలుపెట్టాలి. మామూలుగా 5 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకి మూడుసార్లు. పందిరి కూలడం మొదలయ్యాక గుంజ తెస్తే ఏం నిలబడుతుంది?

ఫార్మసిస్టు: ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. షీట్‌లో 10 మాత్రలు. రోజుకి మూడు చొప్పున నాలుగో రోజు పొద్దునకి అయిపోతాయి. రావాల్సిన రోజు రాలేదు కదా, హమ్మయ్య అనుకుని ఆపేస్తారు. ఆపిన రెండు మూడు రోజులకి నెలసరి వస్తుంది. సరిగ్గా తలంబ్రాల వేళకే! మందు పనిచేయలేదని మా మీదికి వస్తారు. మందు పనిచేసింది, గుంజ తీసేసింది వాళ్ళు.

ఏఎన్ఎం: మా ఊళ్ళో ఇంకో భయం ఉంది మేడం. ఆపితే చెడు రక్తం లోపలే ఉండిపోతుందంటారు.

గైనకాలజిస్టు: అందులో చెడు రక్తం ఏమీ ఉండదు సిస్టర్. పొర ఇంకా ఊడలేదు, అంతే. నా భయం వేరు. ఈ మందులో కొంత భాగం శరీరంలో ఈస్ట్రోజన్‌గా మారుతుంది. ఈ మోతాదులో దానివల్ల రక్తం గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది. ఇంతకుముందు కాలిలోనో ఊపిరితిత్తిలోనో గడ్డ వచ్చినవాళ్ళు, కళ్ళ ముందు మెరుపులు వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్ళు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు దీన్ని సొంతంగా వేసుకోకూడదు. వేసుకుంటున్నప్పుడు ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తమ్ముడి చేతి చీటీలో ఇవేవీ ఉండవు. అందుకే నాకు కోపం.

ఏఎన్ఎం: అసలు నెలసరితో పెళ్ళికి వెళ్తే ఏమవుతుంది మేడం? పందిట్లో కూర్చోనివ్వరని పదహారేళ్ళ పిల్లకి కూడా తల్లే ఇవి మింగిస్తోంది. నాకు బాధేస్తుంది.

గైనకాలజిస్టు: నాకూ అంతే. మింగాలా వద్దా అన్నది ఆ పిల్ల ఇష్టం కావాలి. తను కావాలంటే మాత్రం పరీక్ష చేసి రాసిస్తాను. ఇంకోటి, వాయిదా కోసం వేసుకునే ఈ మాత్రల్ని గర్భం రాకుండా కాపాడతాయని నమ్ముకోవద్దు.

వ్యాఖ్యాత: మరి సబ్‌సెంటర్‌లో ఇచ్చే మాలా-ఎన్ గర్భాన్ని ఎలా ఆపుతుంది?

ఏఎన్ఎం: అది కడుపులో పేరుకుపోతుందని ఒకావిడ మూడు నెలలు డబ్బాలో దాచిపెట్టింది!

గైనకాలజిస్టు: పేరుకుపోదు, కరిగి రక్తంలో కలుస్తుంది. అది ముఖ్యంగా మాట్లాడేది మెదడుతో. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్ కబుర్లు పంపితేనే అండం పెరిగి విడుదలవుతుంది. రోజూ మాత్ర పడుతుంటే ఒంట్లో హార్మోన్ చాలినంత ఉందనుకుని పిట్యూటరీ ఆ కబుర్లు తగ్గించేస్తుంది. అండం విడుదల కాదు. షీట్‌లో 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు. ఐరన్ వారంలో గుంజ తీసినట్టే, అందుకే అప్పుడు రక్తం కనబడుతుంది.

ఏఎన్ఎం: టీబీ మందులు వాడేవాళ్ళ సంగతి కూడా చెప్పండి. నేను ఇంటికి వెళ్ళినప్పుడు ముందు అదే అడుగుతాను.

గైనకాలజిస్టు: చాలా మంచి పని. రిఫాంపిసిన్ కాలేయాన్ని పరుగులు పెట్టిస్తుంది, హార్మోన్ తొందరగా విరిగిపోతుంది. మాత్ర రోజూ మింగినా గర్భం రావచ్చు. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్‌తోనూ ఇదే చిక్కు. వాళ్ళకి కాపర్-టి లాంటిది మేలు.

వ్యాఖ్యాత: మరి కలయిక తర్వాత గర్భం రాకుండా వేసుకునే 72 గంటల మాత్ర?

ఫార్మసిస్టు: దాన్ని అబార్షన్ మాత్ర అనుకునేవాళ్ళే ఎక్కువ. నెల తప్పాక వచ్చి అడుగుతారు.

గైనకాలజిస్టు: 1.5 మిల్లీగ్రాముల లెవొనార్‌జెస్ట్రెల్ అది. అండం విడుదలని వెనక్కి నెడుతుంది. ఎల్‌హెచ్ అప్పటికే ఎగిసి అండం విడుదలకి సిద్ధమైపోతే దానికి చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. అందుకే 72 గంటలున్నాయి కదా అని ఆగకూడదు, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. ఉన్న గర్భాన్ని తీసేయదు, పోగొట్టదు. తర్వాతి నెలసరి వారం కంటే ఆలస్యమైతే గర్భ పరీక్ష చేసుకోవాలి.

ఏఎన్ఎం: గర్భం రాకుండా వాడే ఛాయ మాత్ర వారానికొకటే కాబట్టి చాలామందికి తేలిక మేడం. మొదటి మూడు నెలలు మాత్రం వారానికి రెండు.

గైనకాలజిస్టు: లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ సీడీఆర్‌ఐలో పుట్టిన మందు అది, మన దేశానిదే. అందులో హార్మోన్ లేదు. ఈస్ట్రోజన్ కూర్చోవాల్సిన పీటమీద అది కూర్చుంటుంది. కొందరికి నెలసరుల మధ్య ఎడం పెరుగుతుంది, అది ముందే చెప్పాలి.

వ్యాఖ్యాత: ఒక తండ్రి ప్రశ్న పంపారు. జిమ్‌కి వెళ్ళే కొడుకు టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు చేయించుకున్నాడట. పెళ్ళయి రెండేళ్ళయినా పిల్లలు లేరు. వీర్య పరీక్షలో కణాలు లేవన్నారట. మగతనం పెంచే మందుతో ఇదెలా అని టెన్షన్ పడుతున్నారు.

గైనకాలజిస్టు: ఇందాక చెప్పిన పిట్యూటరీ సంగతే. బయటినుంచి టెస్టోస్టిరాన్ వస్తుంటే పిట్యూటరీ వృషణాలకి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పంపడం మానేస్తుంది. రక్తంలో టెస్టోస్టిరాన్ నిండుగా కనబడుతుంది, వృషణాల్లో మాత్రం పడిపోతుంది. వీర్యకణాలు తయారవ్వాలంటే అది అక్కడ ఉండాలి. ఆపితే చాలామందికి తిరిగి వస్తాయి, కానీ నెలలు పడుతుంది, కొందరికి ఏడాది పైనే. మీ అబ్బాయిని ఆ ఇంజెక్షన్ సీసా పట్టుకుని ఎండోక్రైనాలజిస్టుకి, అంటే హార్మోన్ల డాక్టరుకి, చూపించుకోమనండి. సిగ్గుపడి అది దాచేస్తే, మేం రిపోర్టు చూసి వేరే జబ్బు వెతుకుతూ కూర్చుంటాం.