నంబరు గుర్తుంది, మరి కాగితాలు?

(సైనిక పతాక దినోత్సవం సందర్భంగా హనుమకొండలో మాజీ సైనికులు, వారి కుటుంబాల ముందు చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న సాబ్‌లకు, పొద్దున్నే బస్సెక్కి పరకాల నుంచి, నర్సంపేట నుంచి, ములుగు నుంచి వచ్చిన అవ్వలకు, అక్కలకు నమస్కారం. జైహింద్.

నవంబరు అయిపోయింది. లైఫ్ సర్టిఫికెట్ల హడావుడీ అయిపోయింది. వేలిముద్ర పడక మెషిన్ ముందు మూడుసార్లు చెయ్యి తుడుచుకున్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. బతికే ఉన్నామని సర్కారుకు రుజువు చూపించాం కాబట్టి మళ్లీ నవంబరు దాకా తీరికే. ఆ తీరికలో చేసుకోవాల్సిన పని ఒకటుంది: మన సర్వీసు కాగితాలు తెప్పించుకుని, తప్పులుంటే దిద్దించుకోవడం. అది చెప్పమనే నన్ను పిలిచారు.

నేను ఆఫీసర్ని కాదు, క్లర్కును. 24 ఏళ్ల సర్వీసులో నాలుగేళ్లు, సైనికుల సర్వీసు ఫైళ్లు దాచే ఒక రికార్డు ఆఫీసులో చేశాను. మీరు పంపిన ఉత్తరాలు విప్పి చదివిన చేతులివి. ఏ ఉత్తరానికి జవాబు పోతుందో, ఏది "వివరాలు చాలవు" అని తిరుగు టపాలో మీ ఇంటికే వస్తుందో బల్లకు అవతలి వైపు కూర్చుని చూశాను.

ఎనభై ఏళ్ల ఫౌజీని పట్టుకుని పెళ్లిరోజు ఎప్పుడని అడగండి, భార్య ముఖం చూస్తాడు. ఆర్మీ నంబరు అడగండి, చివర ఉన్న ఇంగ్లీషు అక్షరంతో సహా గడగడా అప్పజెపుతాడు. ఆ నంబరు కిందే మన భర్తీ నుంచి డిశ్చార్జి దాకా అంతా ఒక ఫైల్లో ఉంటుంది. ఆ ఫైలు ఏ ఊళ్లో ఉందని అడిగితే మాత్రం సగం మంది తడబడతారు.

మొన్న ఒక తమ్ముడు వచ్చాడు. ఆర్టిలరీలో చేశాడు. "అన్నా, నేను గోల్కొండల ట్రైనింగ్ చేసిన. నా పేపర్లు ఆడనే ఉంటయి గదా" అన్నాడు. అప్పటికే రెండుసార్లు గోల్కొండ గేటు దాకా పోయి వచ్చాడట. ఆర్టిలరీ సెంటర్ గోల్కొండలో ఉన్న మాట నిజమే. ఆర్టిలరీ రికార్డ్స్ మాత్రం మహారాష్ట్రలో, నాసిక్ రోడ్ క్యాంపులో ఉంది. మనం ట్రైనింగ్ ఎక్కడ చేశాం, చివరి పోస్టింగ్ ఎక్కడ అన్నదాంతో పని లేదు. ఏ రెజిమెంట్, ఏ కోర్ అన్నదే లెక్క. బండ్లు, ఆయుధాలు బాగుచేసే ఈఎంఈ వాళ్లు, ఫౌజుకు సామాను సప్లై చేసే ఏఓసీ వాళ్లు అదృష్టవంతులు, కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్‌లో దిగొచ్చు, రెండు రికార్డు ఆఫీసులూ అక్కడే. మద్రాస్ రెజిమెంట్ వాళ్లది నీలగిరుల్లో వెల్లింగ్టన్. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌ది బెంగళూరు. సిగ్నల్స్ జబల్‌పూర్, మెడికల్ కోర్ లక్నో. నేవీలో సెయిలర్‌గా చేసినవాళ్లు ముంబై మాన్‌ఖుర్ద్‌లో చీతా క్యాంపులోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కు రాయాలి. ఎయిర్‌మెన్‌కు ఢిల్లీ సుబ్రతో పార్కులోని ఎయిర్‌ఫోర్స్ రికార్డు ఆఫీసు. ఆఫీసర్ల దారి వేరు, వాళ్ల ఫైళ్లు ఢిల్లీ హెడ్‌క్వార్టర్స్‌లో చూసుకుంటారు.

ఇందులో ఒక మెలిక ఉంది. పెన్షన్ మీద వచ్చి, మళ్లీ డీఎస్సీలో, అంటే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో చేరినవాళ్లు మనలో బాగానే ఉన్నారు. మీకు రెండు నంబర్లు, రెండు ఫైళ్లు. మొదటి సర్వీసు కాగితాలు పాత రెజిమెంట్ దగ్గర, రెండోది కేరళలో కన్నూర్‌లో. అలాగే నాయబ్ సుబేదార్ అయినవాళ్లకు నంబరు మారి జేసీ నంబరు, అంటే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ నంబరు వస్తుంది. ఉత్తరంలో పాత నంబరు, జేసీ నంబరు రెండూ రాయండి.

ఇక ఉత్తరం సంగతి. రోజూ పొద్దున డాక్ వచ్చి బల్ల మీద పడేది. అందులో ఒక తీరు ఉత్తరాలు ఉండేవి: "గౌరవనీయులైన సార్, నేను దేశానికి సేవ చేసితిని, నా సర్వీస్ రికార్డు పంపగలరు, ఇట్లు రాజయ్య, వరంగల్ జిల్లా." నాకు తెలుగు వచ్చు కాబట్టి నా దగ్గరికి తెచ్చేవాళ్లు. నంబరు లేదు. యూనిట్ లేదు. ఏ కాగితం కావాలో లేదు. రాజయ్యలు ఎంతమందో! ర్యాక్‌లో ఫైళ్లు పేర్ల వరసలో ఉండవు, నంబర్ల వరసలో ఉంటాయి. అందుకని "అయ్యా" కన్నా ముందు, కాగితం నెత్తిన, నంబరు రాయండి. దాని కింద ర్యాంకు, ఆర్మీలో ఉన్న పేరు, ట్రేడ్, చివరి యూనిట్, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ. ఇంగ్లీషులోనో హిందీలోనో రాయించండి. తెలుగులో రాస్తే నాసిక్‌లో నాలాంటివాడు దొరికేదాకా అది ట్రేలోనే ఉంటుంది.

ఏ కాగితం కావాలో పేరు పెట్టి అడగండి. సర్వీసు మొత్తం ఒక్కచోట కనపడేది కావాలంటే షీట్ రోల్ కాపీ అడగాలి. పెళ్లి, పిల్లల పుట్టుక వివరాలు ఎక్కాయో లేదో చూడాలంటే పార్ట్ టూ ఆర్డర్లు అడగాలి. సర్వీసులో దెబ్బ తగిలో జబ్బు చేసో డిజెబిలిటీ పెన్షన్ కోసం తిరుగుతున్నవాళ్లకు అసలు కావాల్సింది రిలీజ్ మెడికల్ బోర్డు కాగితాలు. ఆ బోర్డు ఏం రాసిందో చూడకుండా ఏ వకీలూ మీకు దారి చెప్పలేడు. పీపీవో, అంటే పెన్షన్ ఇవ్వమనే ఆర్డరు కోసం రికార్డు ఆఫీసు వెంట పడక్కర్లేదు. ఆర్మీ పీపీవో జారీ చేసేది ప్రయాగ్‌రాజ్, అంటే మన పాత అలహాబాద్‌లోని పీసీడీఏ అనే పెన్షన్ లెక్కల ఆఫీసు. ఇప్పుడు స్పర్శ్ అనే పెన్షన్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయితే అక్కడే కనపడుతుంది. మనవడికి చెప్పండి, రెండు నిమిషాల్లో తీసిస్తాడు.

డిశ్చార్జి బుక్ పోగొట్టుకున్నవాళ్లు ముందు పోలీస్ స్టేషన్‌లో పోయిందని రాతపూర్వకంగా ఇచ్చి కాగితం తీసుకోండి. నోటరీ అఫిడవిట్ చేయించండి. ఆ రెండూ పెట్టి మన సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపండి. నేరుగా పంపినా తీసుకుంటారు గానీ, అక్కడి ముద్ర, సంతకం ఉంటే ఇది ఫలానా మనిషేనన్న నమ్మకం కుదురుతుంది. ఎందుకంటే సంతకాల తంటా ఒకటి ఉంటుంది. పద్దెనిమిదేళ్లప్పుడు తెలుగులో సంతకం పెట్టి చేరినవాడు, అరవై ఐదేళ్లకు ఇంగ్లీషులో గీత గీసి పంపుతాడు. రెండూ పక్కపక్కన పెడితే నాకే నమ్మబుద్ధి కాలేదు. చేరినప్పటి సంతకం గుర్తుంటే అదే పెట్టండి.

డిశ్చార్జి బుక్కు గురించే ఇంకో మాట. 1950 ఆర్మీ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, సర్వీసు నుంచి వచ్చేవాడికి ఇచ్చే సర్టిఫికెట్ ఇంగ్లీషుతో పాటు అతని మాతృభాషలో కూడా ఉండాలి. మీలో ఎవరి పుస్తకంలోనైనా తెలుగు పేజీ ఉంటే నాకొకసారి చూపించండి, చూడాలని ఉంది.

ఇప్పుడు నా సొంత బాగోతం చెప్తాను. మా ఇంటామె పేరు సరోజన. పెళ్లయ్యాక యూనిట్‌లో కాగితాలు ఇచ్చాను, పార్ట్ టూ ఆర్డర్ అయింది, సంతోషం. ఇరవై ఏళ్లు ఇతరుల కాగితాల్లో తప్పులు పట్టాను గానీ నా కాగితం తీసి చూసుకోలేదు. పెన్షన్ మీద వచ్చిన ఆరేళ్లకు, ఒక పొరుగాయన పని మీద కూర్చుని ఊరికే నాదీ తీసి చూస్తే, అందులో "సరోజ" అని ఉంది. చివర "న" లేదు. ఆధార్‌లో సరోజన, బ్యాంకులో సరోజన, ఆర్మీలో సరోజ. ఒక్క అక్షరం! దాన్ని సరిచేయించి కొరిజెండం పీపీవో, అంటే దిద్దిన పీపీవో తెచ్చుకునేసరికి ఏడు నెలలు పట్టింది, అదీ నేను క్లర్కును కాబట్టి. ఆ ఏడు నెలల్లో నేనే పోయి ఉంటే, ఆమె ఆ "న" కోసం ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాలో లెక్కేసుకున్నాను. ఆ టెన్షన్‌కు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఆమె మాత్రం "నీకే నా పేరు సరిగ్గా తెల్వదు, గవర్నమెంటుకు ఏం తెలుస్తది" అని ఇప్పటికీ దెప్పుతుంది.

మన దగ్గర ఇది ఇంటింటి కథ. ఆర్మీలో ఉత్త రాజయ్య, ఆధార్‌లో ఇంటిపేరుతో సహా రాజయ్య. ఊళ్లో లచ్చమ్మ, కాగితంలో లక్ష్మి. పుట్టిన తేదీ అడిగితే బడిలో పంతులు వేసిన తేదీ ఒకటి, ఆధార్ సెంటర్‌లో కుర్రాడు కొట్టిన జనవరి ఒకటో తేదీ ఒకటి. కొందరికైతే రికార్డులో ఇప్పటికీ నెక్స్ట్ ఆఫ్ కిన్, అంటే దగ్గరి మనిషి, తండ్రే. ఆ బాపు చనిపోయి ముప్పై ఏళ్లయి ఉంటుంది. పెళ్లయ్యాక మార్పించలేదు, అంతే.

దీనికి తోడు మన జిల్లాల ముచ్చట. 1978లో చేరినవాడి కాగితంలో "తాలూకా పరకాల, జిల్లా వరంగల్, ఆంధ్రప్రదేశ్" అని ఉంటుంది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2014లో రాష్ట్రం మారింది. 2016లో ఒక్క వరంగల్ జిల్లా ఐదారు ముక్కలైంది. 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ అయింది. మనిషి గడప దాటలేదు, అడ్రస్ మాత్రం నాలుగుసార్లు మారింది. ఎక్కడో వెల్లింగ్టన్‌లో కూర్చున్న కుర్ర క్లర్కుకు ఇదంతా ఎట్లా తెలుస్తుంది? రెండు వేర్వేరు ఊళ్లనుకుంటాడు. అందుకే ఉత్తరంలో పాత అడ్రసూ, కొత్త అడ్రసూ రాసి, రెండూ ఒకే ఊరని ఒక వాక్యం చేర్చండి. పంచాయతీ కార్యదర్శి దగ్గర ఒక ముక్క రాయించుకుని జత చేస్తే ఇంకా మంచిది.

అసలు కష్టం పెన్షన్ రాకుండా మధ్యలో వచ్చినవాళ్లది. అమెరికాలో సెయింట్ లూయిస్ అనే ఊళ్లో వాళ్ల సైనికుల ఫైళ్లు దాచిన పెద్ద భవనం ఉండేది. 1973 జూలైలో అది తగలబడి కోటీ అరవై లక్షలకు పైగా ఫైళ్లు పోయాయి. ఇప్పటికీ అక్కడి ముసలి సైనికులు ఆ కష్టం పడుతున్నారు. మన దగ్గర మంట అక్కర్లేదు, రూలే ఉంది. ఆర్మీ రెగ్యులేషన్స్ 595వ పేరా ప్రకారం, పెన్షన్ లేనివాళ్ల సర్వీసు కాగితాలను 25 ఏళ్లు దాటాక తీసేస్తారు. అక్రమం ఏమీ లేదు, పద్ధతి ప్రకారమే నాశనం చేస్తారు. మిగిలేది లాంగ్ రోల్ అనే రిజిస్టర్ ఒక్కటే.

ఆ రిజిస్టర్ నేను పట్టుకుని చూశాను. పొడుగ్గా ఉంటుంది, రెండు చేతులతో ఎత్తాలి. ఒక మనిషికి ఒక వరస. నంబరు, పేరు, ఊరు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, ఎందుకు వెళ్లాడు. తొమ్మిదేళ్ల సర్వీసు ఒక్క వరసలో అయిపోతుంది. 1971 యుద్ధం చూసొచ్చిన ఒక పెద్దాయన కోసం అందులో వెతికాను. డిశ్చార్జి బుక్ వానకు తడిసి ముద్దయింది, నంబరు మాత్రం ఆయన నోట్లో ఉంది. దాంతోనే వరస దొరికింది. ఆ ఒక్క వరస నకలే ఆయనకు ఆధారమైంది. పెన్షన్ లేని, 65 ఏళ్లు దాటిన మాజీ సైనికులకు, హవల్దార్ ర్యాంకు దాకా, కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా సాయం ఇస్తుంది. వితంతువులకూ ఇస్తుంది. దానికైనా ఫౌజులో చేసినట్టు కాగితం చూపాలి గదా. కాబట్టి మధ్యలో వచ్చినవాళ్లు "ఫైలు నాశనం చేశాం" అన్న జవాబు రాగానే ఆశ వదులుకోకండి. లాంగ్ రోల్ ఎక్‌స్ట్రాక్ట్ ఇవ్వండి అని మళ్లీ రాయండి. ఆ మాట పేరు పెట్టి అడిగితేనే ఇస్తారు.

మామూలు ఉత్తరానికి రెండు నెలలైనా జవాబు రాకపోతే ఆర్టీఐ వేయండి. కోపంతో వేయొద్దు, అది కూడా ఒక దరఖాస్తే. 10 రూపాయల పోస్టల్ ఆర్డర్, కాపీలకు పేజీకి 2 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు కింద ఉన్నవాళ్లు, అంటే బీపీఎల్ వాళ్లు ఫీజు కట్టక్కర్లేదు, కార్డు నకలు పెడితే చాలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వేరే ఆఫీసుకు పంపితే వాళ్లే ఐదు రోజుల్లో సరైన చోటికి పంపాలని చట్టంలో ఉంది. జవాబు రాకపోతేనో నచ్చకపోతేనో 30 రోజుల్లో మొదటి అప్పీలు. ఆర్టీఐలో "నాకెందుకు తక్కువ పెన్షన్ ఇస్తున్నారు?" అని అడగకండి, దానికి సమాధానం రాదు. "నా షీట్ రోల్ నకలు ఇవ్వండి" అని అడగండి, వస్తుంది. మనిషి బతికుంటే తన కాగితాలు తనే అడగాలి. పోయాక భార్య అడగొచ్చు, చనిపోయిన సర్టిఫికెట్ జత చేయాలి.

కాపీలు వచ్చాక ఏం చేస్తారో కూడా నాకు తెలుసు. లామినేషన్! దయచేసి ఒరిజినల్‌ను లామినేషన్ చేయించకండి. కొన్నేళ్లకు ముద్ర సిరా ప్లాస్టిక్‌కు అంటుకుని కాగితం మీద ఏమీ కనపడదు. మామూలు ప్లాస్టిక్ కవరు చాలు. ఒరిజినల్ ఏ దళారికీ ఇవ్వకండి, ఏ ఆఫీసులోనైనా జిరాక్సే ఇవ్వండి. మన ఇళ్లలో నల్ల ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో నంబరు, పేరు రాసి ఉంటుంది, ఇప్పుడు అందులో చలికాలం దుప్పట్లు పెడుతున్నారు. కాగితాలు ఆ దుప్పట్ల కింద పెట్టినా ఫర్వాలేదు, ఎక్కడ పెట్టారో ఇంట్లో ఆమెకు చెప్పండి. తాళంచెవి మీ నడుముకే కట్టుకుంటే రేపు ఆమె ఎవరినడగాలి?

అదిగో, వెనక కిటికీ పక్కన రెండు బల్లలు వేశాం. తెల్ల కాగితాలు, పెన్నులు, రికార్డు ఆఫీసుల అడ్రసులు అక్కడున్నాయి. ఇద్దరు కుర్రాళ్లు రాయడానికి కూర్చున్నారు. నంబరు చెప్పండి, మిగతాది వాళ్లు అడిగి రాస్తారు. సాబ్‌లూ, మీరు కాసేపు ఆగండి. ముందు అవ్వల్ని పోనివ్వండి, వాళ్లకు మూడున్నరకు బస్సుంది.