ఎపిసోడ్ 41: కూలగొట్టినవాడి ఇంట్లో వీధి బోర్డులు

మేనకోడలు: రికార్డింగ్ మొదలైంది. మామయ్యా, ముందే చెప్తున్నాను, ఈరోజు గిన్నెల గురించి మాట్లాడొద్దు.

మామయ్య: నేనెప్పుడు మాట్లాడాను?

మేనకోడలు: పోయినసారి నలభై నిమిషాలు. దాని ముందు ఇడ్లీ పాత్ర. వినేవాళ్ళకి తెలుసులే. సరే, అందరికీ నమస్కారం. ఈరోజు దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్. డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేట. అక్కడి నుంచి గెంటేసిన జనం ఏం దాచుకున్నారు, వాటితో పెట్టిన మ్యూజియం ఎలా ఉంది అని. నేను మార్చిలో చూసొచ్చాను కదా.

మామయ్య: వెళ్ళొచ్చి నాకో కీచైను ఇచ్చింది. ఒక్క కీచైను.

మేనకోడలు: (నవ్వు) అది ఇంకా మర్చిపోలేదా! సరే, డిస్ట్రిక్ట్ సిక్స్. 1867లో ఊరికి ఆ పేట ఆరో వార్డు, అందుకే ఆ పేరు. రేవుకీ, ఊరి నడిబొడ్డుకీ దగ్గర. బానిసత్వం నుంచి బయటపడినవాళ్ళ పిల్లలు, మలయ్ ముస్లింలు, యూదులు, నల్లవాళ్ళు, మన దేశం నుంచి వెళ్ళి దుకాణాలు పెట్టుకున్నవాళ్ళు, అందరూ పక్కపక్క ఇళ్ళల్లో ఉండేవారు. 1966 ఫిబ్రవరి 11న ప్రభుత్వం ఇక ఇది తెల్లవాళ్ళకే అని ప్రకటించింది. ఆ తర్వాత పదిహేనేళ్ళలో 60,000 మందికి పైగా ఖాళీ చేయించి, ఊరి బయట కేప్ ఫ్లాట్స్ ఇసుక నేలల మీదికి తోలారు. ఇళ్ళ మీదికి బుల్‌డోజర్లు. మసీదులు, చర్చిలు మాత్రం ముట్టుకోలేదు.

మామయ్య: డర్బన్‌లో మనవాళ్ళ మీద పడిందీ అదే చట్టం. 1860 నుంచి మద్రాసు ఓడలెక్కి చెరుకు తోటలకు వెళ్ళిన కూలీల్లో తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ మనవలనీ ఊరి బయట చాట్స్‌వర్త్‌కి తోలారు.

మేనకోడలు: అవును, 1950 గ్రూప్ ఏరియాస్ చట్టం. ఏ జాతివాళ్ళు ఎక్కడ ఉండాలో ప్రభుత్వమే తేల్చే చట్టం. డర్బన్ విడిగా చేద్దాం.

మామయ్య: ఏడాది నుంచీ విడిగా చేస్తూనే ఉన్నాం.

మేనకోడలు: మ్యూజియం ఒక పాత మెథడిస్టు చర్చిలో ఉంది. 1994 డిసెంబరులో పెట్టారు. మొదట రెండు వారాల ప్రదర్శనే అనుకున్నారట. లోపలికి వెళ్ళగానే నేల మీద పేట మొత్తం మ్యాపు. అక్కడ బతికినవాళ్ళు వచ్చి, మా ఇల్లు ఇదిగో అని ఆ చోటే మోకాళ్ళ మీద కూర్చుని పేర్లు రాశారు. పైన ప్లాస్టిక్ పరిచారు కానీ, నాకు దాని మీద అడుగు వెయ్యబుద్ధి కాలేదు. ఇంకోపక్క పొడుగాటి తాను గుడ్డ. వచ్చినవాళ్ళు దాని మీద పెన్నుతో పేరో, ఒక మాటో రాస్తే, తర్వాత ఆ రాత మీదే దారంతో కుట్టేస్తారు.

మామయ్య: ఎందుకూ? సిరా పోతుంది కాబట్టి. మా అమ్మ కూడా అందుకే స్టీలు కొట్లో గంటసేపు నిలబడి మరీ గిన్నెల మీద...

మేనకోడలు: మామయ్యా!

మామయ్య: సరే సరే. బోర్డుల సంగతి చెప్పు. పొద్దున ఫోన్లో సగం చెప్పి పెట్టేశావు.

మేనకోడలు: హాల్లో పైనుంచి కిందిదాకా వీధుల పేర్ల బోర్డులు వేలాడుతుంటాయి. 70కి పైగా. నకళ్ళు కావు, అసలువే. కూల్చివేత పనులు చూసిన ఒక తెల్లాయన వాటిని పారెయ్యకుండా ఇంట్లో దాచాడు. మిగతా శిథిలాలన్నీ సముద్రంలో పోశారు.

మామయ్య: అంటే కూలగొట్టినవాడే దొంగతనం కూడా చేశాడు.

మేనకోడలు: దొంగతనమేంటి? దాచాడు!

మామయ్య: ఎవరికోసం దాచాడు? ఆ వీధివాళ్ళని అడిగాడా? రోజులు మారాక తెచ్చిచ్చాడు. అంతమాత్రానికి చేతులు కడుక్కున్నట్టా?

మేనకోడలు: పారేసి ఉంటే ఆ హాల్లో ఏముండేది? పేట పేరునే జోన్నెబ్లూమ్ అని మార్చేశారు. పాత పేరు తిరిగొచ్చింది 2019లో. అన్నేళ్ళూ ఆ వీధి పేర్లకి సాక్ష్యం ఆ రేకులే.

మామయ్య: సాక్ష్యం మనుషులు. మ్యాపు మీద పేర్లు రాశారని నువ్వే చెప్పావు. రేకు ముక్క లేకపోతే వాళ్ళ వీధి వాళ్ళకి తెలియదా?

మేనకోడలు: వాళ్ళ మనవలకి?

మామయ్య: అది వేరు.

మేనకోడలు: వేరేం కాదు. పైగా ఆయన ఉద్యోగి. పని మానేస్తే ఇంకొకడొచ్చి కూలగొడతాడు.

మామయ్య: ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. ఒకరి వస్తువు నీ ఇంట్లో ఉంది, వాళ్ళు ఫలానా అని నీకు తెలుసు, ఇవ్వవు. దాన్ని ఏమంటారో నువ్వే చెప్పు.

మేనకోడలు: మరి మీ ఇంట్లో గ్లాసుల్లో ఆ ఇరవై మూడోది?

మామయ్య: ...

మేనకోడలు: గిన్నెలు వద్దన్నది నేనే. ఇప్పుడు నేనే అడుగుతున్నాను. దాని మీద ఉన్నది అమ్మమ్మ పేరు కాదుగా.

మామయ్య: కాదు. పక్క పోర్షన్ అత్తయ్యగారిది. పెళ్ళికి వచ్చిన గ్లాసు. పేరు, కింద తేదీ. చుక్కలు చుక్కలుగా కొట్టారు, వేలితో తడిమితే చదవొచ్చు. పాయసం పోసి పంపారు. గ్లాసు ఇచ్చిరారా అంది అమ్మ. బంతాట మధ్యలో ఉన్నాను, రేపిస్తాలే అన్నాను. పొద్దున లేచేసరికి లారీ వచ్చి వెళ్ళిపోయింది. బదిలీ.

మేనకోడలు: ఎక్కడికి?

మామయ్య: కాకినాడ అన్నారు. తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అడగలేదనుకో.

మేనకోడలు: దాంట్లో తాగుతావా?

మామయ్య: ఛ. పూజ గదిలో ఉంటుంది. మీ అత్తయ్య ఒకసారి పాతసామాన్ల వాడికి వెయ్యబోయింది, పెద్ద గొడవైంది.

మేనకోడలు: (కాసేపు ఆగి) అక్కడ గైడుగా పనిచేసిన ఒకాయన చెప్పే కథ ఉంది. ఆయన పావురాలు పెంచేవాడు. ఇల్లు ఖాళీ చేసి వేరేచోటికి వెళ్ళాక, అలవాటు పడాలని మూడు నెలలు గూట్లోనే ఉంచాడు. తర్వాత ఒకరోజు వదిలాడు. ఒక్కటీ తిరిగి రాలేదు. మర్నాడు పాత పేట మీదుగా వెళ్తూ చూస్తే, ఇల్లు కూలగొట్టిన ఖాళీ జాగాలో అన్నీ కూర్చుని ఉన్నాయి.

మామయ్య: ఆయన్ని చూసి ఎగిరిపోయాయా?

మేనకోడలు: లేదు. దగ్గరికెళ్ళినా కదల్లేదట.

మామయ్య: ఇప్పుడక్కడ ఇళ్ళు కట్టారా?

మేనకోడలు: కొన్ని. 2004లో ఇద్దరు ముసలాళ్ళకి మండేలా చేతుల మీదుగా తాళాలిచ్చారు. ఇప్పటికీ చాలా జాగా గడ్డే. మామయ్యా, ఎక్కడికి? మైకు వైరు తగులుకుంటుంది!

మామయ్య: ఒక్క నిమిషం. తేదీ చూసొస్తాను. 71 అనుకుంటున్నాను, 74 కూడా కావచ్చు.

మేనకోడలు: రికార్డింగ్ నడుస్తోంది.

మామయ్య: (దూరం నుంచి) నడవనీ. మీ అత్తయ్య చోటు మార్చినట్టుంది... ఏమేవ్, ఆ గ్లాసేదీ?