నంబరు లేకపోతే నేను నేను కాదా?

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరినీ పేరుపేరునా తలుచుకోవాలి, కానీ నాకిచ్చింది పది నిమిషాలే. నేరుగా విషయానికొస్తాను.

ఇంటర్నెట్‌లో కొత్త ఖాతా తెరవబోతే చాలాచోట్ల ఫోన్ నంబరు అడుగుతారు. ఇవ్వకపోతే పేజీ ముందుకు కదలదు. దొంగ ఖాతాలు ఆపడానికే అంటారు. అందులో నిజం ఉంది. ఈమెయిల్ చిరునామాలు వేలకొద్దీ ఊరికే పుట్టించవచ్చు, సిమ్‌లు అలా దొరకవు. కాదనను.

కానీ మా అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ పోయాక ఆమె నంబరు మేం వాడలేదు. కొన్నాళ్లకు కంపెనీ దాన్ని వేరేవాళ్లకిచ్చేసింది. అమ్మ ఫొటోలన్నీ ఒక ఖాతాలో ఉన్నాయి. పాస్‌వర్డ్ ఆమె నోటుబుక్కులో రాసిపెట్టింది. కొట్టాను. సరిపోయింది. వెంటనే ‘మీ ఫోన్‌కి కోడ్ పంపాం’ అంది. ఆ నంబరుకే ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి ఎత్తింది. ఓటీపీ చెప్పమ్మా అన్నాను, భయపడి పెట్టేసింది. ఆ పిల్ల తప్పేం లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మనమే కదా నేర్పాం! ఫొటోలు ఇప్పటికీ అందులోనే ఉన్నాయి.

ఇది మా ఒక్క ఇంటి గోడు కాదు. 2021లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అమెరికాలో మళ్లీ కేటాయింపుకు వచ్చిన 259 నంబర్లను చూస్తే, 171 నంబర్లకు పాతవాళ్ల ఖాతాలు ఇంకా అంటుకునే ఉన్నాయి. తాళంచెవి అనుకున్నది అద్దె వస్తువని తేలింది.

ఇంకో మాట. భద్రత కోసమని తీసుకున్న నంబర్లను ప్రకటనలకు వాడిందన్న కేసులో 2022లో ట్విట్టర్ 15 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. 2021లో ఫేస్‌బుక్ నుంచి రాబట్టిన 53 కోట్ల మంది వివరాలు, నంబర్లతో సహా, బయటపడ్డాయి. ఈమెయిల్ చోటుకొకటి పెట్టుకోవచ్చు. నంబరు అన్నిచోట్లా ఒక్కటే. దాన్ని పట్టుకుంటే మనిషి మొత్తం దొరుకుతాడు.

దయచేసి ఫోన్లు తీయండి. అవును, ఇప్పుడే. ముఖ్యమైన ఖాతా తెరిచి, బ్యాకప్ కోడ్‌లు, అంటే ఫోన్‌కి కోడ్ రాకపోయినా లోపలికి రానిచ్చే అంకెలు, కాగితం మీద రాసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లవి కూడా. నంబరు మార్చేవాళ్లు ముందు పాత నంబరును ఖాతాల్లోంచి తీసేయండి.

సాఫ్ట్‌వేర్ రాసే పిల్లలు ఈ సభలో చాలామంది ఉన్నారు. మీకు దండం పెట్టి అడుగుతున్నాను. నంబరు అడిగే గడి కింద ‘ఇవ్వను’ అని ఒక్క బటన్ పెట్టండి. అది నొక్కినవాళ్లకు ఇంకో దారి చూపించండి.