డాలస్‌లో రెండు మధ్యాహ్నాలు

శ్రోతలకు నమస్కారం.

1960 నవంబరు 4, శుక్రవారం. అమెరికా అధ్యక్ష ఎన్నికకు ఇంక నాలుగే రోజులుంది. టెక్సస్ రాష్ట్రంలో డాలస్ నగరం, కామర్స్ వీధి. వీధికి ఈ పక్క బేకర్ హోటల్, ఆ పక్క అడాల్ఫస్ హోటల్. బేకర్ హోటల్లోంచి ఒక పొడుగాటి మనిషి, ఆయన భార్య బయటికొచ్చారు. రోడ్డు దాటి అడాల్ఫస్‌లో మధ్యాహ్న భోజన సభకు వెళ్ళాలి. మామూలుగా అయితే రెండు మూడు నిమిషాల నడక. ఆ రోజు దాదాపు అరగంట పట్టింది.

దారి పొడుగునా జనం అడ్డం. వాళ్ళలో చాలామంది ఖరీదైన కోట్లు, టోపీలు వేసుకున్న పెద్దింటి ఆడవాళ్ళు. చేతుల్లో ప్లకార్డులు, నోట్లో తిట్లు. ఆ ఊరి రిపబ్లికన్ ప్రతినిధి బ్రూస్ ఆల్జర్ తనే ఒక ప్లకార్డు ఎత్తి పట్టుకున్నారు, ఈయన ఉత్తరాది సోషలిస్టులకు అమ్ముడుపోయాడని. భార్య ఉండబట్టలేక ఎవరికో జవాబు చెప్పబోతే భర్త ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టారు. పోలీసులు దారి చేస్తామంటే ఆయనే వద్దన్నారు. నా రాష్ట్రంలో, నా భార్యతో రోడ్డు దాటడానికి నాకు పోలీసులెందుకు అన్న ధోరణి. మెల్లగా, కావాలనే మెల్లగా నడిచారు. ఎదురుగా టీవీ కెమెరాలు తిరుగుతున్నాయి. ఆ సంగతి ఆయనకు తెలియకపోవడమేమిటి!

ఆయన లిండన్ జాన్సన్, ఆమె లేడీ బర్డ్. రిపబ్లికన్ రిచర్డ్ నిక్సన్ మీద డెమోక్రటిక్ పార్టీ తరఫున జాన్ కెనెడీ అధ్యక్ష పదవికి, జాన్సన్ ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డారు. ఈ రెండో మనిషినే రన్నింగ్ మేట్ అంటారు. మాట గుర్రప్పందేల నుంచి వచ్చింది. ఒకే లాయంలోంచి రెండు గుర్రాలను దింపుతారు. గెలవాల్సింది ఒకటి, దాని వేగం నిలబెట్టడానికి పక్కన పరిగెత్తేది ఇంకొకటి. మన దగ్గర టికెట్ అంటే పార్టీ ఇచ్చే బీ-ఫారం. అక్కడ టికెట్ అంటే ఈ జోడీ. ఓటరు జోడీకి ఓటు వెయ్యాలి తప్ప ఒకరిని ఉంచుకుని ఇంకొకరిని తీసెయ్యడం కుదరదు.

మన ఉపరాష్ట్రపతితో పోల్చకండి. 1969 మే నెలలో జాకీర్ హుసేన్ మరణించినప్పుడు మన వి.వి. గిరిగారు రాష్ట్రపతి బాధ్యతలు చూశారు కానీ, రాష్ట్రపతి కావడానికి మళ్ళీ పోటీ చేసి గెలవాల్సి వచ్చింది. అమెరికాలో అలా కాదు. అధ్యక్షుడి ఊపిరి ఆగిన ఘడియ నుంచే మిగిలిన కాలమంతా రెండో మనిషిదే. అందాకా మాత్రం ఆ పదవికి పనీ తక్కువే, విలువా తక్కువే. రూజ్‌వెల్ట్ దగ్గర ఎనిమిదేళ్ళు ఉపాధ్యక్షుడిగా చేసిన జాన్ నాన్స్ గార్నర్, ఆ ఉద్యోగం బకెట్టు ఉమ్మి పాటి చెయ్యదని తేల్చేశారని చెప్పుకుంటారు. ఆయనా టెక్సస్ మనిషే.

మరి సెనేట్‌లో డెమోక్రాట్ల నాయకుడిగా చక్రం తిప్పుతున్న జాన్సన్ ఇందులోకి ఎందుకు దిగినట్టు? దీనికి ముందు లాస్ ఏంజెలిస్‌లోని బిల్ట్‌మోర్ హోటల్‌కి వెళ్ళాలి.

జులై 13 రాత్రి పార్టీ మహాసభలో మొదటి విడతలోనే కెనెడీకి 806 ఓట్లు, పోటీదారు జాన్సన్‌కు 409 వచ్చాయి. ఆ పోటీ ఎలా సాగిందో వినండి. కెనెడీకి ఆడిసన్స్ అనే గ్రంథుల జబ్బు ఉందని జాన్సన్ మనుషులు విలేకరులను పిలిచి మరీ చెప్పారు. అలాంటి మనిషి దగ్గరికి మర్నాడు పొద్దున్నే కెనెడీ రెండంతస్తులు దిగి వెళ్ళి, నాతో పాటు నిలబడతారా అని అడిగారు. జాన్సన్ సరే అన్నారు. అంతే, పైఅంతస్తులో గగ్గోలు. కార్మిక సంఘాల నాయకులు, ఉత్తరాది ఉదారవాదులు మండిపడ్డారు. కెనెడీ తమ్ముడు రాబర్ట్ మెట్లెక్కడం, దిగడం, వద్దనుకోమని జాన్సన్‌కు నచ్చజెప్పబోవడం, మధ్యాహ్నమంతా ఇదే తంతు. అన్నయ్య మర్యాదకు అడిగితే ఆయన పట్టుకుని వేలాడాడని రాబర్ట్ తర్వాత చెప్పారు. మాటవరసకి భోజనానికి రమ్మంటే విస్తరి వేసుకుని కూర్చున్నట్టన్నమాట. నాకైతే నమ్మబుద్ధి కాదు. కెనెడీకి లెక్కలు బాగా వచ్చు.

లెక్కేమిటంటే, అమెరికాలో దేశం మొత్తం ఓట్లు కలిపి చూడరు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునేందుకు రాష్ట్రానికిన్నని ఎలక్టర్లు ఉంటారు. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఒక్క ఓటు మెజారిటీ వచ్చినా ఆ రాష్ట్రం ఎలక్టర్లందరూ గెలిచినవాడి ఖాతాలోనే. 1960లో మొత్తం 537, గెలవాలంటే 269. టెక్సస్‌కు 24. కెనెడీ ఉత్తరాది మసాచుసెట్స్ మనిషి, 43 ఏళ్ళవాడు, పైగా కేథలిక్కు. అప్పటిదాకా కేథలిక్కు అధ్యక్షుడు లేడు. 1928లో అల్ స్మిత్ అనే కేథలిక్కు నిలబడి చిత్తుగా ఓడారు. దక్షిణాది ప్రొటెస్టెంట్లు, ఈయన గెలిస్తే పోప్ మాట వింటాడని భయపడేవాళ్ళు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ యాసలో, మనవాడేనయ్యా అని చెప్పే మనిషి కావాలి.

జాన్సన్ లెక్క వేరు. పదవిలో ఉండగా చనిపోయిన అధ్యక్షులు అప్పటికి ఏడుగురు. ఆ అంకె ఆయన మనసులో ఉందని చెప్పే కథలున్నాయి. అంతకుముందే 1959లో టెక్సస్‌లో ఒక చట్టం చేయించుకున్నారు, ఒకేసారి సెనేట్‌కూ పై పదవికీ పోటీ చేసే వీలు కల్పిస్తూ. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి రెండూ గట్టెక్కించారు. మనకు ఇదేం వింత కాదు లెండి, 1983లో ఎన్టీ రామారావుగారు గుడివాడలోనూ తిరుపతిలోనూ గెలిచారు కదా.

అక్టోబరులో జాన్సన్ ప్రత్యేక రైలెక్కి అయిదు రోజులు ఎనిమిది దక్షిణాది రాష్ట్రాలు తిరిగారు. చిన్న చిన్న స్టేషన్లలో రైలు ఆగేది. ఆఖరి పెట్టె వెనక వసారాలో నిలబడి మైకులో మాట్లాడేవారు. కెనెడీ అన్న జో, టెక్సస్ కుర్రాడు ఒకడు, ఇద్దరూ 1944లో ఒకే యుద్ధ విమానంలో చనిపోయారు. విమానం ఎక్కేముందు వాళ్ళను నువ్వు ఏ చర్చికి వెళ్తావని ఎవరైనా అడిగారా అనేవారు. వర్జీనియాలో కల్పెపర్ అనే ఊరిలో రైలు కదిలిపోతున్నా మైకు వదలకుండా, కల్పెపర్‌కు నిక్సన్ ఏం చేశాడని అరుస్తూనే ఉన్నారట. ఆ కేక ఇప్పటికీ చెప్పుకుంటారు. వర్జీనియా మాత్రం నిక్సన్‌కే పడింది!

అవతల రిచర్డ్ నిక్సన్ యాభై రాష్ట్రాలకూ వస్తానని ఒట్టు పెట్టుకున్నారు. ఆగస్టులో మోకాలికి దెబ్బ తగిలి, అది ముదిరి రెండు వారాలు ఆసుపత్రిలో ఉన్నా ఆ ఒట్టు గట్టున పెట్టలేదు. పోలింగుకు రెండు రోజుల ముందు, నవంబరు 6న, మూడంటే మూడు ఎలక్టర్లున్న అలాస్కాకు విమానంలో వెళ్ళారు. అలాస్కా గెలిచారు కూడా. ఇరవై ఏడు ఎలక్టర్లున్న ఇల్లినాయి తొమ్మిది వేల లోపు ఓట్ల తేడాతో చేజారింది. ప్రచారంలో అన్నిటికన్నా పిసినారిగా ఖర్చు పెట్టాల్సింది డబ్బు కాదు, అభ్యర్థి కాలం.

రన్నింగ్ మేట్ విషయంలోనూ నిక్సన్‌కు కలిసి రాలేదు. ఎంచుకున్నది హెన్రీ కాబట్ లాజ్‌ని. పేరున్న దౌత్యవేత్తే, కానీ ఆయనదీ మసాచుసెట్సే. అక్కడే 1952లో సెనేట్ ఎన్నికలో ఆయన్ని ఓడించింది సాక్షాత్తూ ఈ కెనెడీయే. మధ్యాహ్నం కునుకు తియ్యనిదే లాజ్ సభకు రారని పేరు. ఆయన న్యూయార్క్ హార్లెంలో, మేం గెలిస్తే మంత్రివర్గంలో ఒక నల్లజాతీయుడు ఉంటాడని మాటిచ్చేశారు. నిక్సన్ శిబిరం అబ్బే, మేమలా అనలేదంది. దాంతో దక్షిణాది తెల్లవాళ్ళకు ఆ మాట రుచించలేదు, నల్లవాళ్ళకు ఈ వెనకడుగు రుచించలేదు.

ఇక డాలస్ అరగంట. టీవీలో ఆ దృశ్యం చూసి చాలామంది దక్షిణాది పెద్దమనుషులకు సిగ్గేసింది. అప్పటిదాకా ఇంటిపట్టున కూర్చున్న జార్జియా సెనేటర్ రిచర్డ్ రస్సెల్ లేచి టెక్సస్‌కు వచ్చి ప్రచారం చేశారు. టెక్సస్‌లో కెనెడీ సుమారు 46 వేల ఓట్లతో గెలిచారు. మొత్తం 303 ఎలక్టర్లు.

అందుకే జాన్సన్ వల్లే గెలిచాడని అందరూ రాస్తారు. కాగితం మీద తీసివేత చేసి చూడండి. 303లో టెక్సస్ 24 తీసేస్తే 279. ఇంకా గెలుపే! టెక్సస్‌తో పాటు నార్త్ కరోలినా 14 కూడా పోయుంటే 265, అప్పుడు ఆట మారేది. అంటే జాన్సన్ ఉపయోగం సొంత రాష్ట్రం కన్నా ఆ రైలు తిరిగిన దారిలోనే ఎక్కువగా ఉంది. సొంత రాష్ట్రం తెచ్చిపెడతాడన్న ఆశతో మనిషిని ఎంచుకోవడం పాత నమ్మకమే కానీ బలహీనమైన నమ్మకం. 2024లో ట్రంప్ ఎంచుకున్న జేడీ వాన్స్‌ది ఒహాయో, అది అప్పటికే రిపబ్లికన్లది. కమలా హారిస్ ఎంచుకున్న టిమ్ వాల్జ్‌ది మినెసోటా, అది డెమోక్రాట్లది. పెన్సిల్వేనియా గవర్నర్ షపీరోని తీసుకునుంటే అన్న చర్చ చాలా నడిచింది. ఆ రాష్ట్రం 19 కలిపినా హారిస్ 226 కాస్తా 245 అయ్యేది, కావాల్సింది 270. పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో మాత్రం ఈ లెక్కలేవీ ఎవరూ వెయ్యలేదు. వాన్స్ భార్య ఉష చిలుకూరివారి ఆడపడుచు, వాళ్ళ పెద్దల ఊరు అది. ఊరివాళ్ళు గుడిలో పూజలు చేసి పండగ చేసుకున్నారు.

లాభం సంగతి అలా ఉంచితే, తప్పు మనిషి వల్ల నష్టం మాత్రం ఖాయం. 1972లో డెమోక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి జార్జ్ మెక్‌గవర్న్ పరిస్థితి చూడండి. అడిగినవాళ్ళు అడిగినట్టు కాదన్నారు. పేరు చెప్పాల్సిన గడువు గంటల్లోకి వచ్చేసింది. చివరికి మిస్సోరీ సెనేటర్ టామ్ ఈగిల్టన్‌కు ఫోన్ చేశారు. దాచిన సంగతులేమైనా ఉన్నాయా అంటే లేవన్నారు. రెండు వారాలు తిరక్కముందే తేలింది, మానసిక కుంగుబాటుకు ఆసుపత్రిలో చేరి విద్యుత్ షాక్ చికిత్స తీసుకున్నారని. వెయ్యి శాతం ఆయన వెంటే ఉన్నానన్న మెక్‌గవర్న్, జులై 31న ఆయన్ని తప్పించారు. మొత్తం పద్దెనిమిది రోజుల ముచ్చట. ఆ జబ్బు తప్పని నేననను. పెళ్ళిచూపులకే మూడు ఊళ్ళలో వాకబు చేసే మనకు ఆ తొందర వింతగానే ఉంటుంది. నవంబరులో మెక్‌గవర్న్‌కు దక్కింది ఒక్క మసాచుసెట్స్, రాజధాని వాషింగ్టన్. దీనికి పూర్తి ఎదురు 2000లో డిక్ చెనీ. జార్జ్ బుష్ కోసం ఉపాధ్యక్ష అభ్యర్థిని వెతికే పని పెట్టుకున్నారు. పెళ్ళికొడుకును వెతకడానికి బయల్దేరి తనే పీటల మీద కూర్చున్నారు.

మళ్ళీ టెక్సస్‌కు వద్దాం. 1963. మరుసటి ఏడాది ఎన్నిక. టెక్సస్ డెమోక్రాట్లలో గవర్నర్ కానలీ ఒక వర్గం, సెనేటర్ యార్‌బరో ఇంకో వర్గం. ఇద్దరూ ఒక కారెక్కరు. ఆ రాష్ట్రం పోతే కష్టమని కెనెడీ స్వయంగా బయల్దేరారు. నవంబరు 22, మళ్ళీ శుక్రవారమే. మళ్ళీ మధ్యాహ్న భోజన సభే, ఈసారి ట్రేడ్ మార్ట్‌లో. కార్ల వరుస మెయిన్ స్ట్రీట్ మీదుగా వెళ్ళింది. కామర్స్ వీధికి అది పక్క వీధే. కెనెడీ కారుకు రెండు కార్ల వెనక జాన్సన్, లేడీ బర్డ్, యార్‌బరో ఉన్నారు. సభకు చేరకముందే తుపాకీ పేలింది, కెనెడీ చనిపోయారు.

2 గంటల 38 నిమిషాలకు లవ్ ఫీల్డ్ విమానాశ్రయంలో ఆగివున్న అధ్యక్షుడి విమానంలో, న్యాయమూర్తి శారా హ్యూజ్ ఎదుట జాన్సన్ ప్రమాణం చేశారు. ఒక పక్క లేడీ బర్డ్, ఇంకో పక్క భర్త రక్తం అంటిన బట్టలతోనే జాక్వెలిన్ కెనెడీ. చెయ్యి పెట్టడానికి బైబిల్ కోసం విమానమంతా వెతికారు. కెనెడీ పడుకునే గదిలో ఒక పుస్తకం దొరికితే తెచ్చి ఇచ్చారు. బైబిల్ కాదది. కేథలిక్కుల ప్రార్థన పుస్తకం. ప్రొటెస్టెంట్ జాన్సన్ దాని మీదే చెయ్యి పెట్టారు.

నమస్కారం.